దౌడు తీయని ఉల్వర్

మా ఊళ్ళో దేవుడికి అంత మర్యాద లేదు. క్రిస్మస్ పొద్దున ఒకసారి చర్చికి వెళ్ళి, ఆవలింతలు ఆపుకుంటూ కూర్చుని వచ్చేస్తారు. ఉల్వర్ పేరెత్తితే మాత్రం టోపీ తీస్తారు. ఉల్వర్ ఒక గుర్రం. అది చచ్చిపోయి చాలా ఏళ్ళయింది. అయినా మా ల్యూస్‌విక్‌లో దాని పేరు మీద ఒక వీధి ఉంది, బేకరీలో ఒక బాదం కేకు ఉంది, పందెపు మైదానంలో ఏటా ఒక స్మారక పందెం ఉంది. దాని తోకవెంట్రుకలు కొన్ని బ్యాంకులో గాజుపెట్టెలో పెట్టారు. ఈ జిల్లాలో కాళ్ళున్న ప్రతి గుర్రమూ దాని మనవడో మునిమనవడో అని యజమానులు ఒట్టేసి చెబుతారు. అదంతా నిజమైతే ఉల్వర్‌కి పరిగెత్తడానికి తీరికెక్కడిదని నేను అడుగుతుంటాను. ఎవరూ నవ్వరు.

గుర్రం గొప్పదే, నేను కాదనను. మా ఉత్తరాది గుర్రాలు పొట్టివి, బొద్దువి, అడవిలో దుంగలు లాగడానికి పుట్టినవి. ఉల్వర్ కూడా వారమంతా దుంగలు లాగి, ఆదివారం రెండు చక్రాల బండికి కట్టగానే మరో గుర్రమైపోయేది. దుల్కీ పందెంలో గుర్రం ఎంత వేగంగా అయినా పోవచ్చు, దౌడు మాత్రం తీయకూడదు. కుడి ముందుకాలూ ఎడమ వెనకకాలూ జతగా పడాలి, తర్వాత ఆ రెండోజత. అలా కాకుండా కుందేలులా దుమికిందా, అది దౌడు, వెనక్కి లాగి సర్దాలి. గెలుపు గీత దగ్గర దౌడులో దొరికితే ఎంత ముందున్నా ఆ పరుగు చెల్లదు. ఇది మా పిల్లలకి అక్షరాల కంటే ముందు వస్తుంది. ఉల్వర్ జన్మలో దౌడు తీయలేదన్నది ఊరి నమ్మకం. కాఫీ కప్పుల మీద అచ్చువేయించి అమ్ముతున్నారు కూడా.

ఆ గుర్రాన్ని పెంచినవాడూ, తోలినవాడూ మా అన్నయ్య హెల్గె. దాని ఆఖరి పందెం చెల్లదన్న జడ్జి మా ఆయన ఎస్కిల్. ఇక నా సంగతి మీరే ఊహించుకోండి.

ఆ రోజుల్లో మార్చి పందెం గడ్డకట్టిన సరస్సు మీదే జరిగేది. గెలుపు గీతకి అటూ ఇటూ మంచులో రెండు ఫర్ చెట్టు కొమ్మలు పాతేవాళ్ళు. జడ్జీలు ముగ్గురు లారీ మీదెక్కి నిలబడేవాళ్ళు. మా ఆయన వాళ్ళలో పెద్ద. ఆయన ఉద్యోగం కలప కొలవడం. అమ్మే రైతూ, కొనే రంపపు మిల్లూ ఇద్దరూ ఆయన టేపునే నమ్మేవాళ్ళు. అందుకే జడ్జిని చేశారు. ఆ మధ్యాహ్నం ఉల్వర్ చివరి మలుపు నుంచి ఒంటరిగా వచ్చేస్తోంది. ఊరంతా గొంతు చించుకుంటోంది. గీత దగ్గర కాలు జారిందో, మందిని చూసి బెదిరిందో, ఉల్వర్ దుమికింది. దుమికి దౌడులోనే గీత దాటింది. వెంటనే సర్దుకుంది కూడా. మా ఆయన గరాటా నోటికి పెట్టుకుని, "నాలుగో నంబరు. దౌడు. చెల్లదు," అన్నాడు. నేను కాఫీ కెటిల్ పట్టుకుని లారీ పక్కనే ఉన్నాను. అంత మంది ఉన్న సరస్సు మీద అంత నిశ్శబ్దం నేను మళ్ళీ వినలేదు.

మిగతా ఇద్దరు జడ్జీల్లో ఒకడు కళ్ళలో మంచు పడిందన్నాడు. రెండోవాడు రెండో గుర్రాన్ని చూస్తున్నానన్నాడు. అందరూ మా అన్నయ్య వైపు తిరిగారు. పగ్గాలు పట్టుకున్నవాడికి తెలియకుండా గుర్రం కాలు మార్చదు. అది చేతుల్లో తెలుస్తుంది, నడుములో తెలుస్తుంది. మా అన్నయ్య బండి దిగి, చేతి తొడుగులు విప్పి, జడ్జి చూసిందేదో జడ్జి చూశాడు, నేనేం చెప్పను అన్నాడు. అంతే. దౌడు తీయలేదని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. ఆ సంగతి తర్వాత నాకు పెద్ద గొప్పగా చెప్పుకున్నాడు, అబద్ధమాడలేదట. ఊరు ఆడుతుంటే పక్కన నిలబడి బూట్ల మీది మంచు దులుపుకున్నాడు, అంతేనట. ఆ తర్వాత కూడా ఉల్వర్ పిల్లల కోసం ఆయన దొడ్లోకి ఆడగుర్రాలు వరస కడుతూనే ఉన్నాయి.

మా ఆయన్ని ఊరు కొట్టలేదు, తిట్టలేదు. మావాళ్ళు పెద్దమనుషులు కదా. పాత కళ్ళజోళ్ళు తెచ్చి మా ఉత్తరాల డబ్బాలో వేసేవాళ్ళు. మొదటి ఏడాది ఒక సంచీ నిండా పోగయ్యాయి. రైతులు కలప కొలతకి పక్క ఊరి నుంచి మనిషిని పిలిపించుకోవడం మొదలుపెట్టారు. మైదానంలో కాఫీ గది ఉంది. మొదటి కప్పుకి డబ్బులు కట్టాలి, రెండోది ఊరికే పోస్తారు, కూర్చుని కబుర్లు చెప్పుకొమ్మని దాని అర్థం. మా ఆయనకి మొదటి కప్పు ఇచ్చేవాళ్ళు. రెండో కప్పు పోయడానికి కెటిల్ ఆయన బల్ల దాకా వచ్చి, ఆయన్ని దాటి పక్క బల్లకి వెళ్ళిపోయేది. కొన్నాళ్ళు ఖాళీ కప్పు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత వెళ్ళడం మానేశాడు. మా అన్నయ్యా ఆయనా చిన్నప్పటి స్నేహితులు, బావా బావా అని భుజాలు చరుచుకునేవాళ్ళు. ఇరవై ఏళ్ళు మాట లేదు. మా ఆయన ఆ ఇరవై ఏళ్ళలో కోరుకున్నది ఒకటే, మా అన్నయ్య నోటి నుంచి ఒక్క మాట. అది నాతో ఒక్కసారే అన్నాడు. నేను రోజూ గుర్తుచేసుకుని ఉడికిపోయేదాన్ని.

ఇక కాఫీ గదిలోని బొమ్మ సంగతి. గీత దగ్గర తీసిన ఆ పందెం ఫోటో పత్రికలో పడింది. జూలు ఎగురుతోంది, ముక్కుపుటాల నుంచి ఆవిరి, వెనక మా అన్నయ్య గడ్డం నిండా మంచు. చూడముచ్చటగానే ఉంటుంది. కానీ పత్రికవాళ్ళకి ఆ రోజు పేజీ కింద ఒక సాసేజీల ప్రకటన వేయాల్సి వచ్చింది. దానికోసం ఫోటోని కింద కత్తిరించారు. గుర్రానికి మోకాళ్ళ పైదాకానే మిగిలింది. ఊరు ఆ పత్రిక ముక్కనే పెద్దది చేయించి, బంగారు చట్రం కట్టించి, కాఫీ గదిలో వేలాడదీసింది. ఇరవై ఏళ్ళు దాని కింద కూర్చుని, మా ఆయనకి కళ్ళు కనబడవని తీర్పులు చెప్పింది. పొద్దున లేస్తే దుల్కీలో కాళ్ళ ముచ్చటే మాట్లాడే జనం, కాళ్ళు లేని గుర్రాన్ని చూసి ఎంత చక్కని నడక అని మురిసిపోయారు. ఇంతకంటే నేనేం చెప్పను?

మైదానం కమిటీకి అధ్యక్షుడు సిక్స్‌టెన్. ఇన్సూరెన్సు అమ్ముతాడు. గుర్రం ఎక్కడం ఎలాగూ రాదు, గుర్రం గురించి ఉపన్యాసమివ్వడం వచ్చు. ఉల్వర్‌కి కంచు విగ్రహం పెట్టాలన్నది అతని ఆలోచన. దక్షిణాన మాల్మో నుంచి ఈవార్ అనే శిల్పిని పిలిపించారు. పాపం ఆ అబ్బాయికి గుర్రం అంటే చెవులూ తోకా తప్ప ఏమీ తెలియదు. కాఫీ గదిలో ఫోటో చూపించి, ఇదే, అచ్చం ఇలాగే ఉండాలి, ఒక్క వెంట్రుక తేడా రాకూడదు అని సిక్స్‌టెన్ గట్టిగా చెప్పాడట. ఈవార్ బుద్ధిమంతుడు. దీనికి కాళ్ళు లేవే అని చూసి, పత్రిక ఆఫీసుకి వెళ్ళి, కింద అరలో దుమ్ముకొట్టుకుపోయిన అసలు ఫోటో వెతికించుకున్నాడు. అందులో ఎలా ఉందో అలాగే చేశాడు. గుర్రాల గురించి తెలిసినవాడైతే చచ్చినా అలా చేసేవాడు కాదు.

మే నెలలో ఆవిష్కరణ. బ్యాండు, జెండాలు, ఏడు రకాల బిస్కెట్లు. మా ఆయన రానన్నాడు, నేను వెళ్ళాను. నాకు చూడాలనిపించింది, దాచుకోవడమెందుకు. నార్వే నుంచి గుడ్‌బ్రాండ్ అని అక్కడి పందేల సంఘం పెద్ద వచ్చాడు. మన గుర్రాల ముందు వాళ్ళ గుర్రాలు దిగదుడుపని వినిపించడానికే అతన్ని పిలిచారు. సిక్స్‌టెన్ ఉపన్యాసంలో జన్మలో దౌడు తీయనివాడు అని మూడుసార్లు అన్నాడు. పీఠం మీది ఇత్తడి ఫలకంలో కూడా అదే చెక్కించాడు. తర్వాత తాడు లాగాడు, గుడ్డ జారింది.

ముందుకాళ్ళు రెండూ గాలిలోకి లేచి ఉన్నాయి. వెనకకాళ్ళు రెండూ జతగా నేలని తన్నుతున్నాయి. చప్పట్లు మొదలై సగంలో ఆగిపోయాయి. బ్యాండులో బాకా ఊదేవాడు కూడా గుర్రాలవాడే, మధ్యలో ఊదడం మరిచిపోయాడు. అక్కడున్న వాళ్ళలో అర్థం కానివాళ్ళు ఒక్కరూ లేరు. అందరూ సిక్స్‌టెన్ మొహం చూస్తున్నారు, సిక్స్‌టెన్ పీఠం మీది అక్షరాలు చూస్తున్నాడు. గుడ్‌బ్రాండ్ చేతులు వెనక్కి కట్టుకుని విగ్రహం చుట్టూ తిరిగి వచ్చాడు.

"బాగుందండీ. మంచి దౌడు," అన్నాడు. "మావాళ్ళ పత్రికలో రాస్తాను."

సిక్స్‌టెన్ శిల్పి మీద విరుచుకుపడ్డాడు. ఈవార్‌కి పాపం ఏం తప్పు చేశాడో తెలియదు. సంచీలోంచి అసలు ఫోటో తీసి, మీరు చెప్పినట్టే చేశాను కదండీ అని అందరికీ తిప్పి చూపించాడు. అది చేతులు మారుతూ మా అన్నయ్య దాకా వచ్చింది. ఆయన దాన్ని చూడకుండానే పక్కవాడికి ఇచ్చేశాడు. నేను ఒక బిస్కెట్ తీసుకుని తిన్నాను. అంత రుచిగల బిస్కెట్ మళ్ళీ తినలేదు.

ఊరు తప్పు ఒప్పుకుంటుందనుకున్నాను. ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉంటూ నేనూ తెలివితక్కువదాన్నే. రెండు రోజుల్లో కొత్త కథ తయారైంది. కెమెరా వంకర పట్టారట. దుల్కీలో కూడా ఒక్క క్షణం నాలుగు కాళ్ళూ గాలిలో ఉంటాయట, విగ్రహం ఆ క్షణానిదట. కానీ నార్వేవాళ్ళు నమ్మాలంటే ఎవరో నిక్కచ్చి మనిషి చెప్పాలి. ఉత్తరాన ఇంత నిక్కచ్చి జడ్జి లేడని సరిహద్దుకి అవతల కూడా పేరున్నవాడు ఒక్కడే ఉన్నాడు. అలా ఇరవై ఏళ్ళ తర్వాత మా అన్నయ్య మా వంటింటి తలుపు కొట్టాడు.

టోపీ చేత్తో తిప్పుతూ నిలబడ్డాడు. నేను కూర్చోమనలేదు. మా ఆయనే కుర్చీ చూపించాడు. అన్నయ్య విషయం చెప్పాడు. ఆదివారం అందరి ముందూ ఎస్కిల్ విగ్రహం చూసి, ఇది దుల్కీయే అని ఒక్క మాట అంటే చాలట. పాత సంగతి ఎవరూ ఎత్తరట. జడ్జీల గదిలో ఆయనకి శాశ్వతంగా కుర్చీ వేస్తారట. కాఫీ గదిలో కిటికీ పక్క బల్ల ఆయనదేనట.

"రెండో కప్పు కూడా పోస్తారా?" అన్నాను నేను.

"సిగ్నే, నువ్వు కాసేపు ఊరుకోవే."

"ఊరుకున్నాను కదన్నయ్యా ఇరవై ఏళ్ళు. నీ దగ్గర నేర్చుకున్నదే."

అన్నయ్య నా వైపు చూడలేదు. "ఒక్క మాట బావా," అన్నాడు మా ఆయనతో. "ముసలాళ్ళమైపోయాం. ఇంకెన్నాళ్ళని ఇలా? నువ్వు ఆ మాట అంటే మళ్ళీ అందరం కలిసి కూర్చోవచ్చు."

మా ఆయన బల్ల మీద బ్రెడ్డు ముక్కలు ఏరుతూ కూర్చున్నాడు. ఆయన ఎంత ఒంటరివాడో నాకు తెలుసు. పందెపు రోజుల్లో మైదానం మైకు గోల మా ఇంటిదాకా వినిపిస్తుంది. ఆయన కిటికీ సందు తెరుచుకుని, కట్టెలు చెక్కుతున్నట్టు నటిస్తూ వింటాడు. ఏ గుర్రం ఎక్కడ ఉందో పెదవులతో చెప్పుకుంటాడు. అలాంటి మనిషికి కుర్చీ చూపించి ఒక్క అబద్ధం అడుగుతున్నారు, అదీ ఎవరికీ నష్టం లేని అబద్ధం. ఆయన ఒప్పుకుంటే నేను ఏ మొహంతో వద్దంటాను? కానీ ఒప్పుకుంటే, ఆ సంచీడు కళ్ళజోళ్ళూ ఈయన ఊరికే మోసినట్టే కదా.

"ఆదివారం వస్తాను," అన్నాడు మా ఆయన. ఆ వారమంతా నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. గిన్నెలు మాత్రం చాలా చప్పుడు చేశాయి.

ఆదివారం ఆయన పాత జడ్జి కోటు వేసుకున్నాడు. భుజాల దగ్గర వేలాడుతోంది. మైదానంలో మొన్నటి జనమే, మొన్నటి బిస్కెట్లే. ఇన్నాళ్ళూ మొహం చాటేసినవాళ్ళు ఎదురొచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశారు. కాఫీ గదిలో కాఫీ పోసే ఆమె కెటిల్ పట్టుకుని ఆయన వెంటే తిరిగింది. ఆయన కప్పులో ఒక గుటక తగ్గితే చాలు, మళ్ళీ పోసేస్తోంది. మా డబ్బాలో కళ్ళజోళ్ళు వేసినవాళ్ళలో కనీసం నలుగురు అక్కడ ఉన్నారని నాకు తెలుసు. వాళ్ళ మర్యాదలు చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఆయన అందరికీ తల ఊపుతున్నాడు, మొహం వెలిగిపోతోంది. సరే, అయిపోయింది, అమ్ముడుపోయాడు అనుకున్నాను.

సిక్స్‌టెన్ మైకు పట్టుకున్నాడు. ఉత్తరాదిలోకెల్లా నిజాయితీపరుడైన జడ్జి అని మొదలుపెట్టి చాలాసేపు పొగిడాడు. మా ఆయన విగ్రహం చుట్టూ మెల్లగా తిరిగాడు. ముందుకాళ్ళు చూశాడు, వెనకకాళ్ళు చూశాడు, కిందికి వంగి కంచు గిట్టని అరచేత్తో తడిమాడు. నడుం పట్టుకుని లేచి, మైకు వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. తర్వాత మా అన్నయ్య వైపు తిరిగాడు.

"బావా, ముందు నువ్వు చెప్పు," అన్నాడు. "పగ్గాలు నీ చేతిలో ఉన్నాయి. నేను లారీ మీంచి చూశాను, అంతే."

సిక్స్‌టెన్ నవ్వబోయాడు. అడిగింది నిన్ను కదా ఎస్కిల్ అన్నాడు. మా ఆయన వినిపించుకోలేదు. అన్నయ్యనే చూస్తున్నాడు. తిట్టే చూపు కాదది, ఇరవై ఏళ్ళ కిందట కొలత వేసేముందు దుంగని చూసే చూపు.

అన్నయ్య అటూ ఇటూ చూశాడు. ఈసారి దులుపుకోవడానికి బూట్ల మీద మంచు కూడా లేదు. ఆయన చేతులు రెండూ తెలియకుండానే ముందుకు వచ్చాయి, పగ్గాలు పట్టుకున్నట్టు పిడికిళ్ళు బిగిశాయి.

"దౌడే," అన్నాడు. మళ్ళీ అన్నాడు. "దౌడే బావా. గీత ఇంకా రాకముందే ఎత్తుకుంది. నాకు చేతుల్లో తెలిసింది. అప్పుడే తెలిసింది."

మా ఆయన తల ఊపాడు. కోటు గుండీ పెట్టుకున్నాడు.

"అయితే ఫలితం మారదు," అన్నాడు.

అంతే. బల్ల మీది కప్పు అలాగే వదిలేసి ఇంటికి నడిచాడు. నేను వెనకాలే వెళ్ళాను. ఆయన ఏడుస్తున్నాడేమో అని తొంగిచూశాను. ఏడవడం లేదు, ఈల వేస్తున్నాడు. ఒక్క మాట కోసం ఇరవై ఏళ్ళూ, ఒక కంచు గుర్రమూ కావాల్సి వచ్చాయి మా అన్నయ్యకి. నేను ఆయన్ని అంత తేలిగ్గా క్షమించలేదు, మా ఆయన క్షమించాడు. అది వాళ్ళ వ్యవహారం.

ఊరు మారిందనుకుంటున్నారా? విగ్రహాన్ని కరిగిస్తే ఖర్చు, ఫలకం తీసేస్తే పరువు తక్కువ. సిక్స్‌టెన్ కమిటీ కూర్చుని తెలివైన పని చేసింది. పీఠం చుట్టూ జూనిపర్ పొదలు నాటించింది. అవి ఏపుగా పెరిగి, గుర్రం పొట్టదాకా వచ్చాయి. ఉల్వర్ మళ్ళీ కాళ్ళు లేని గుర్రమైపోయింది, ఊరికి ఎలా ఇష్టమో అలాగే. పోయిన వేసవిలో ఒక జర్మన్ ఆవిడ దాన్ని చూసి, ఈ గుర్రం ఈత పోటీల్లో గెలిచిందా అని నన్ను అడిగింది. అవునన్నాను. జన్మలో మునగలేదని కూడా చెప్పాను.

ఏటా వసంతం రాగానే మా అన్నయ్య పెద్ద కత్తెర భుజాన వేసుకుని మా ఇంటికి వస్తాడు. ఇద్దరూ పట్టపగలే మైదానానికి వెళతారు. కమిటీవాళ్ళు కాఫీ గది కిటికీలోంచి చూస్తారు, ఒక్కడూ బయటికి రాడు. మా ఆయనకి ఇప్పుడు చూపు నిజంగానే మందగించింది. మడత కుర్చీ వేసుకుని పొదల ముందు కూర్చుంటాడు. మా అన్నయ్య మోకాళ్ళ మీద వంగి కత్తిరిస్తూ, చాలా బావా, ఇంకా కొట్టనా అని అడుగుతాడు. మా ఆయన ముందుకి వంగి, చెయ్యి చాచి తడిమి చూస్తాడు.

"ఇంకా కిందికి బావా. గిట్టలు కనబడాలి."